బెంగళూరు పక్కన మాంసపు గొర్రెల మంద: ఏ జాతి నిలబడింది, ఏ సంకరం లెక్కకొచ్చింది

హోసకోట, చింతామణి, బాగేపల్లి వైపు మాంసం కోసం మంద పెట్టాలంటే ఆవుల దారి మూసుకుపోయింది. 2020 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ఆవు, దూడ, ఎద్దు, ఆంబోతులతో పాటు 13 ఏళ్లు నిండని గేదె, దున్న కూడా కోతకు పోకూడదు. కాబట్టి ఇక్కడ మాంసపు మంద అంటే ఎక్కువగా గొర్రెలే. నెల్లూరు జోడిపి, బన్నూరు, నారి సువర్ణ, డోర్పర్ సంకరం, ఈ నాలుగింటినీ ఒకే దొడ్డిలో పగలు మేత, సాయంత్రం దాణా పద్ధతిలో ఏళ్ల తరబడి పెంచాక చెబుతున్న మాట: తల్లులుగా జోడిపినే ఉంచుకోండి. మిగతా జాతులు పొట్టేలు రూపంలో వస్తే చాలు.

జోడిపి అంటే తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ, పెదవుల మీద, కింది దవడ, పొట్ట, కాళ్ల మీద నలుపు. నెల్లూరు జాతిలోనే పూర్తి తెలుపైతే పల్ల, ఎరుపైతే డోర. మన దేశపు గొర్రెల్లో ఇదే పొడగరి. కోసిన రాగి పొలాల్లో, చెరువు గట్ల మీద పొద్దంతా తిరిగినా అలసిపోదు. ఒక్క పిల్లకు పాలు పుష్కలం. లోటేమిటంటే చూపుకు ఉన్నంత బరువు తూకంలో ఉండదు. కాళ్లు పొడుగు, తొడ సన్నం, ఎముక ఎక్కువ. కవలలు అరుదు.

బన్నూరుకు బెంగళూరులో ఉన్న పేరు వేరే జాతికి లేదు. మటన్ అంగడి బోర్డు మీద ఆ మాట రాసి ఉంటే కొనేవాడు ఇంకో ప్రశ్న వేయడు. అసలు బన్నూరును గుర్తుపట్టాలంటే వెనక నిలబడి చూడాలి. తొడలు లోపలి వైపు కూడా నిండుగా దిగి, రెండు కాళ్ల మధ్య ఖాళీ తిరగేసిన ఆంగ్ల ‘యు’ అక్షరంలా కనబడాలి. జోడిపిలో అదే ఖాళీ సన్నగా, పైదాకా చీలినట్టు ఉంటుంది. సంతలో బన్నూరు పేరుతో అమ్మేవాటిలో చాలా వాటికి ఆ ఆకారం ఉండదు, ధర మాత్రం ఉంటుంది. జాతి చిన్నది, ఎదిగిన ఆడ గొర్రె 25 కిలోల లోపే తూగుతుంది. దూరం నడిపిస్తే చిక్కిపోతుంది. పేరు చూసి కిలోకు ఎక్కువిచ్చే వాడుక కొనుగోలుదారు చేతిలో ఉంటేనే దీన్ని పెట్టుకోవాలి. లేదంటే వద్దు.

నారి సువర్ణను మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసింది. సుందరబన్ వైపు ఉండే చిన్న గారోల్ గొర్రెలోని కవలల జన్యువును ఒంటి మీద బొచ్చుండే దక్కనీ గొర్రెలోకి తెచ్చారు. దీని మీద ఉన్నంత అపోహ వేరే దేని మీదా లేదు. ఈ పొట్టేలును కట్టిస్తే మన గొర్రెలు కవలలు వేస్తాయనుకుంటారు. వేయవు. ఎన్ని పిల్లలు పుట్టాలన్నది తల్లి విడుదల చేసే అండాలను బట్టి ఉంటుంది, పొట్టేలుతో పని లేదు. ఆ పొట్టేలుకు పుట్టిన ఆడపిల్లలు పెద్దయి ఈనినప్పుడే కవలలు కనబడతాయి. పొట్టేలులో ఆ జన్యువు రెండు కాపీలు ఉంటే కూతుళ్లందరికీ ఒక్కొక్కటి వస్తుంది, ఒక్క కాపీ ఉంటే సగం మందికే. కంటితో చూసి ఇది చెప్పలేం, డీఎన్ఏ పరీక్ష కాగితం లేనిదే డబ్బు ఇవ్వకండి. ఇక కవలలు పుట్టాక అసలు పని మొదలవుతుంది. చూడి చివరి ఆరు వారాలూ, ఈనిన తర్వాత రెండు నెలలూ తల్లికి రోజుకు 300 నుంచి 400 గ్రాముల దాణా పడకపోతే రెండో పిల్ల దక్కదు. మేత మీదే బతికే మందకు ఈ జాతి భారం. దక్కనీ రక్తం వల్ల బొచ్చు కత్తిరింపు ఖర్చు అదనం.

డోర్పర్ దక్షిణాఫ్రికాలో డోర్సెట్ హార్న్, నల్లతల పర్షియన్ గొర్రెలను కలిపి తీసిన జాతి. జోడిపి తల్లికి డోర్పర్ పొట్టేలు వల్ల పుట్టిన మొదటి తరం పిల్లలే మా మందలో అందరికంటే త్వరగా తూకానికి వచ్చాయి. వెడల్పు నడుము, పొట్టి మెడ, నిండు తొడ. కానీ ఆ ఊపు మొదటి తరానిదే. సంకరాన్ని సంకరంతోనే కట్టిస్తే ఆ ఊపులో సగం పోతుంది, పిల్లలు ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి బొచ్చుతో పుడతాయి. ఇంకా ఇంకా డోర్పర్ రక్తం ఎక్కించబోతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. మేతకు తిరిగే ఓపిక తగ్గుతుంది, వానాకాలంలో కడుపులో నట్టలు ఎక్కువవుతాయి. ‘అన్నా, ఇది ముప్పావు డోర్పర్’ అని దళారి చూపించేది చాలాసార్లు సంకరానికి పుట్టిన సంకరమే. తల్లినీ తండ్రినీ చూపిస్తేనే బేరం. మొదటి ఈత గొర్రెకు, బన్నూరు లాంటి చిన్న తల్లికి డోర్పర్ కట్టించకూడదు, పిల్ల భుజాల దగ్గర ఇరుక్కుంటుంది. ఇంకో చిక్కు బక్రీద్‌ది. చామరాజపేట ఈద్గా మైదానం దగ్గర కొనేవాళ్లు ఎత్తు, కొమ్ములు చూస్తారు. డోర్పర్ సంకరానికి కొమ్ములు సరిగా రావు, జోడిపికి నిండుగా వస్తాయి. కాబట్టి సంకరం మటన్ అంగడికి, జోడిపి పొట్టేలు పండగకు. పండగ ఏటా దాదాపు 11 రోజులు ముందే వచ్చేస్తుంది. ఏడాది నిండిన పొట్టేలు కావాలంటే 17 నెలల ముందే తల్లిని కట్టించి ఉండాలి.

60 గొర్రెల మందను మేం నడిపే లెక్క ఇది. రెండేళ్లకు మూడు ఈతలు వస్తున్నాయంటే మూడో వంతు, అంటే 20 గొర్రెలకు జోడిపి పొట్టేలు. ముసలివాటి స్థానంలోకి ఏటా కావలసిన పన్నెండు దాకా ఆడపిల్లలు వాటి నుంచే వస్తాయి. మంచి పాల తల్లులను ఇందులోకే వేయాలి. మిగతా 40కి డోర్పర్ పొట్టేళ్లు రెండు. ఆ పిల్లలు ఆడైనా మగైనా అన్నీ అమ్మకానికే. అందంగా ఉందని ఒక్క సంకరం ఆడపిల్లను ఆపుకున్నా రెండేళ్లలో లెక్క చెదిరిపోతుంది. కట్టించడానికి మూడు వారాల ముందు నుంచి తల్లికి రోజుకు 250 గ్రాముల దాణా ఇస్తే ఎద బాగా వస్తుంది. రెండు మందలనూ ఆ సమయంలో విడి దొడ్లలో పెట్టాలి, కంచె దూకే పొట్టేళ్లుంటాయి.

పాలు మాన్పించిన సంకరం పిల్లలకు దాణాను రెండు వారాల మీద నెమ్మదిగా పెంచాలి. ఒక్కసారిగా మొక్కజొన్న పెంచితే చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపేది), అదీ బాగా బలిసినదాన్నే ముందు పట్టుకుపోతుంది. తవుడు ఎక్కువై సున్నం (కాల్షియం) తక్కువైతే మగపిల్లలకు మూత్రంలో రాళ్లు.

కొనేటప్పుడు రెండు పళ్లు, నాలుగు పళ్ల గొర్రెలే చూడండి. పొదుగు రెండు వైపులా మెత్తగా ఉండాలి, గడ్డ తగిలితే వదిలేయండి. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి, దవడ కింద నీటి సంచిలా వేలాడుతుంటే నట్టలు రక్తం తాగేశాయని అర్థం. కొత్తవాటిని మూడు వారాలు విడిగా కట్టి, నట్టల మందు పట్టి, పీపీఆర్ (పారుడు రోగం) టీకా వేయించి అప్పుడు మందలో కలపాలి. చిటుకు, నీలి నాలుక టీకాలు వానలకు ముందే పడాలి. జోడిపి విత్తనపు పొట్టేలును మాత్రం రెండేళ్లకోసారి మార్చాలి, తన కూతుళ్లు ఎదకు వచ్చేలోపే.