అలంపూర్: జోగులాంబ అమ్మవారి దర్శనంతో తిరిగి వచ్చేస్తే సగం చూసినట్టే

హైదరాబాద్ నుంచి కర్నూలు రోడ్డు మీద వెళ్తుంటే బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన వస్తుంది. అది దాటితే నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో ఇరుక్కున్న నేల. అలంపూర్ ఈ నడిగడ్డ తూర్పు కొసకు దగ్గరగా, తుంగభద్ర ఒడ్డున ఉంది. 1956 దాకా ఇది రాయచూరు జిల్లా తాలూకా, ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో కలిసింది, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా.

మొత్తం దూరం సుమారు 220 కిలోమీటర్లు. సొంత బండి అయితే అలంపూర్ చౌరస్తాలో ఎడమకు తిరగాలి. బస్సులో అయితే హైదరాబాద్‌లోని పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో కర్నూలు బస్సెక్కి చౌరస్తాలో దిగి ఆటో పట్టుకోవాలి. అన్ని సర్వీసులూ అక్కడ ఆపరు, ఎక్కే ముందే కండక్టర్‌ని అడగండి. జోగులాంబ హాల్ట్ అని రైల్వే స్టేషనూ ఉంది గానీ పేరుకు తగ్గట్టే హాల్ట్, ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగవు. పైగా దిగాక ఆటో దొరక్కపోతే ఇరుక్కుపోతారు. బస్సే నయం.

ఇక్కడి నవబ్రహ్మ ఆలయాలంటే బ్రహ్మదేవుడి గుళ్లనుకుంటారు. తొమ్మిదీ శివాలయాలే. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. ఎనిమిదింటికి ఉత్తరాది పద్ధతిలో ఒంపు తిరిగి పైకి లేచే శిఖరాలు, మీద ఉసిరికాయ ఆకారపు ఆమలకం. తారకబ్రహ్మ ఒక్కటే దక్షిణాది తీరు. పూజ, రద్దీ అంతా బాలబ్రహ్మలోనే. కానీ శిల్పం కోసం వెళ్లేవాళ్లు స్వర్గబ్రహ్మ దగ్గరే ఎక్కువసేపు నిలబడాలి. గోడ మూలల్లో దిక్పాలకులు, వాళ్ల మధ్య రాతి జాలీ కిటికీలు. గుళ్లు తూర్పు ముఖం కాబట్టి పొద్దున్న ఏటవాలు ఎండలో ముందువైపు చెక్కడం లోతు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే గోడ చప్పగా కనిపిస్తుంది, కింద బండలు కాలుతుంటాయి. ఎండాకాలం సాక్సులు తప్పనిసరి.

జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. పాత గుడి మధ్యయుగంలో ధ్వంసమయ్యాక అమ్మవారు బాలబ్రహ్మ ఆలయంలోనే ఉన్నారు. ఇప్పుడు చూసేది 2005లో కట్టిన కొత్త గుడి. మధ్యాహ్నం కాసేపు తలుపులు మూస్తారు, కాబట్టి పదకొండు లోపు చేరేలా బయల్దేరండి.

చాలామంది వదిలేసేది శ్రీశైలం ప్రాజెక్టు ఈ ఊరికి చేసినదాన్ని. వెనుక జలాలు ఇక్కడిదాకా వస్తాయని గుళ్లకూ నదికీ మధ్య పెద్ద అడ్డుగోడ కట్టారు. అందుకే ప్రాంగణంలో నిలబడితే నది కనబడదు, ఘాట్ వైపు ఎక్కి చూడాలి. అంత గోడ ఉన్నా 2009 అక్టోబరు వరదలో నీళ్లు లోపలికి వచ్చాయి. ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయే వేరే చోట్ల గుళ్లను రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మెట్ల పిరమిడ్ కప్పులుండే పాపనాశి గుళ్ల గుంపు అలా వచ్చిందే. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి నుంచి తెచ్చిన సంగమేశ్వరాలయమూ అంతే. వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడే సంగమేశ్వరం వేరు. అది ఆంధ్ర వైపు ఉంది. మ్యాప్‌లో పేరు కొట్టి పొరపడి వెళ్లేవాళ్లు ఎక్కువ.

బసకు ఊళ్లో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. గదులు తక్కువ, కార్తీకం, శివరాత్రి, దసరాలకు ముందే బుక్ చేసుకోవాలి. ఏసీ, భోజనం విషయంలో పట్టింపు ఉంటే కర్నూలులో దిగడమే మేలు, దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. కాకపోతే మధ్యలో పుల్లూరు టోల్ పడుతుంది, తిరుగు ప్రయాణంలోనూ అదే రోడ్డు. పొద్దున్నే ఎండలో శిల్పాలు చూడాలంటే మాత్రం ఊళ్లోనే పడుకోవాలి. గుడి దగ్గర టిఫిన్ సులువుగా దొరుకుతుంది, మంచి భోజనం ఆశ పెట్టుకోవద్దు.

నదిలో నీళ్లు చూడాలంటే సెప్టెంబరు నుంచి జనవరి. ఏప్రిల్‌లో రాళ్లూ మడుగులే. పురావస్తు శాఖ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, అమ్మవారికి ఆ రోజే రద్దీ ఎక్కువ. రెండూ కావాలంటే శుక్రవారం తప్ప ఏ రోజైనా సరే.