పదకొండేళ్లు రోజూ మాయిశ్చరైజర్ రాసుకున్నాక నా ముఖంలో మారినవి, మారనివి

నాకు 46 ఏళ్లు నిండిన సంవత్సరంలో, ముఖం కడుక్కున్న పది నిమిషాలకే బుగ్గలు బిగదీసినట్టు ఉండడం మొదలైంది. నవ్వినప్పుడు కళ్ల పక్కన పడే సన్నని గీతలు నవ్వు ఆగిన తర్వాత కూడా కొంతసేపు అలాగే నిలిచిపోయేవి, ముక్కుకు రెండు వైపులా చర్మం పొట్టు రేగేది. అంతవరకు ముఖానికి సబ్బు, నీళ్లు తప్ప మరేదీ వాడని నేను ఆ ఏడే ఒక మామూలు మాయిశ్చరైజర్ కొన్నాను. ఇప్పుడు నాకు 57 ఏళ్లు. ఈ పదకొండేళ్లలో నాలుగు రకాల క్రీములు మారాయి, ఒకసారి కావాలనే మానేసి చూశాను, మరోసారి ముఖం మండిపోయి మానేయవలసి వచ్చింది. వయసు మీరుతున్న చర్మానికి దీనివల్ల నిజంగా తేడా ఉంటుందా అని అడిగేవారికి నేను చెప్పగలిగింది ఇదీ: తేడా స్పష్టంగా ఉంటుంది, కాని అది డబ్బా మీద రాసి ఉండే తేడా కాదు.

మొదటి ఫలితం కంటికి కాకుండా ముందు చర్మానికే తెలిసింది. రెండో రోజుకే ఆ బిగుతు పోయింది. వారం తిరిగేసరికి పొట్టు రేగడం ఆగింది. నెల రోజులకు బుగ్గల మీద చెయ్యి వేస్తే గరుకు తగలలేదు, వెలుతురు పడినప్పుడు ముఖం కొంత నిగారింపుగా కనిపించింది. కళ్ల కింద ఉన్న సన్నని గీతలు సగానికి సగం మాయమయ్యాయి. ఆ గీతలు తగ్గినప్పుడు కలిగిన సంతోషంలో, మిగతా ముడతలు కూడా ఇదే దారిన పోతాయని నమ్మాను. ఆ నమ్మకం తప్పని తెలుసుకోవడానికి నాకు దాదాపు నాలుగేళ్లు పట్టింది.

కారణం తెలుసుకోవాలంటే చర్మం పైపొర ఎలా ఉంటుందో కొంచెం చూడాలి. అన్నిటికన్నా పైన ఉండే మృతకణాల పొర మందం ముఖం మీద 10 నుంచి 20 మైక్రోమీటర్లకు మించదు. ఆ కణాలు గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సున్నంలాగా కొవ్వు పదార్థాలు నిండి ఉంటాయి. ఆ కొవ్వులో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలినదానిలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. వయసు పెరిగేకొద్దీ ఈ కొవ్వు తగ్గుతుంది, చర్మం మీద ఊరే సహజమైన నూనె కూడా తగ్గుతుంది. స్త్రీలలో బహిష్టు ఆగిపోయిన తర్వాత ఆ తగ్గుదల మరీ తెలుస్తుంది. గోడలో సున్నం రాలిపోతే లోపలి తడి బయటికి పోయినట్టే, చర్మంలోని నీరు ఆవిరైపోతుంది, ఎండిన పైపొర వంగలేక సన్నగా గీతలు పడుతుంది. మాయిశ్చరైజర్ చక్కదిద్దేది ఈ గీతలనే. గ్లిజరిన్ వంటివి నీటిని పట్టి ఉంచుతాయి, నూనెలూ సెరమైడ్లూ కణాల మధ్య ఖాళీలను పూడుస్తాయి, పెట్రోలియం జెల్లీ వంటివి పైన పొరలాగా పరుచుకుని నీరు పోకుండా ఆపుతాయి. పైపొర మళ్లీ ఉబ్బి నునుపెక్కడంతో గీతలు కనిపించకుండా పోతాయి.

లోతైన ముడతల సంగతి వేరు. అవి పుట్టేది ఈ పైపొరలో కాదు, దాని అడుగున ఉన్న పొరలో. అక్కడ కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు చర్మానికి పటుత్వం ఇస్తాయి. అవి ఏటేటా తరుగుతాయి, ఎండ తగిలిన చోట మరింత తొందరగా చెడిపోతాయి. చర్మం మీద రాసుకున్న క్రీము అక్కడిదాకా వెళ్లదు. నేను వాడిన మూడో క్రీము డబ్బా మీద 'కొల్లాజెన్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది, దాన్ని ఏడాదిన్నర ఎంతో ఆశగా రాసుకున్నాను. కొల్లాజెన్ అణువు బరువు దాదాపు 300,000 డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) ఉంటుందని, చర్మం దాటి సులువుగా లోపలికి వెళ్లగలిగేవి 500 డాల్టన్ల లోపువేనని తర్వాత చదివాను. ఆ క్రీము చర్మాన్ని మెత్తగా ఉంచిన మాట నిజమే. అయితే ఆ పని అంతకుముందు వాడిన మామూలు క్రీము కూడా అంతే బాగా చేసింది.

నాలుగో ఏట మూడు వారాలపాటు పూర్తిగా ఆపి చూశాను. ప్రతి ఉదయం ఒకే వేళకు, ఒకే కిటికీ దగ్గర నిలబడి, నవ్వకుండా ఒక ఫోటో తీసుకునేదాన్ని. మొదటి రెండు రోజులు ఏ మార్పూ లేదు. మూడో రోజున పాత బిగుతు తిరిగి వచ్చింది, రెండో వారంలో కళ్ల కింద గీతలు, ముక్కు పక్కన పొట్టు మళ్లీ కనిపించాయి. తిరిగి రాయడం మొదలుపెట్టిన రెండు రోజులకే కళ్ల కింది గీతలు మెత్తబడ్డాయి. అయితే ముక్కు నుంచి పెదవుల కొసల దాకా దిగిన మడతలు, నుదుటి మీద అడ్డంగా ఉన్న మూడు గీతలు ఆ ఫోటోలన్నిటిలోనూ ఒకేలా ఉన్నాయి. రాసినప్పుడూ ఆపినప్పుడూ వాటిలో వెంట్రుకవాసి తేడా లేదు. నా వరకు ఈ సమీక్షలో అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం ఆ ఫోటోల వరుసే.

ముఖం మండిపోయిన సంగతి కూడా చెప్పాలి. రెండో క్రీము చాలా సువాసనగా ఉండేది. ఐదు నెలలు బాగానే ఉంది, ఆ తర్వాత బుగ్గలు ఎర్రబడి, రాత్రివేళ దురద పెట్టేవి. నేను అది పొడిబారడం వల్లే అనుకుని ఇంకా ఎక్కువ రాశాను, దాంతో మరీ ముదిరింది. చర్మవైద్యురాలు చూసి, అది సువాసన ద్రవ్యాలకు పుట్టిన అలర్జీ అని, నెల రోజులు తెల్ల పెట్రోలియం జెల్లీ తప్ప ఏదీ వాడవద్దని చెప్పారు. రాబర్ట్ చీస్‌బ్రో 1872లో పేటెంటు తీసుకున్న ఆ పాత పదార్థమే, నీరు ఆవిరికాకుండా ఆపడంలో నేటికీ చాలా క్రీములకన్నా ముందుంటుంది. ముఖం జిడ్డుగా కనిపిస్తుందన్న ఇబ్బంది తప్ప దానివల్ల నాకు మరే చిక్కూ రాలేదు. అప్పటినుంచి సువాసన కలిపిన ఏ క్రీమునూ ముఖం దగ్గరికి రానివ్వలేదు. వయసుతో పలచబడుతున్న చర్మం ఉన్నవారు ఈ ఒక్క విషయంలో నా మాట వినాలని గట్టిగా కోరుతున్నాను.

ఆ వైద్యురాలే నన్ను మరో ప్రశ్న అడిగారు: "సన్‌స్క్రీన్ వాడుతున్నారా?" లేదన్నాను. అప్పుడామె నా మెడ, ముఖం పక్కపక్కన అద్దంలో చూపించి, రెంటిలోనూ ఎండ చేసిన పని ఒకటే అని చెప్పారు. నేను మెడకు ఏనాడూ మాయిశ్చరైజర్ రాయలేదు. మెడ గరుకుగా ఉంది, ముఖం మెత్తగా ఉంది, కాని గోధుమరంగు మచ్చలు, ముతక గీతలు రెండు చోట్లా సమానంగా ఉన్నాయి. ఏళ్లపాటు నియమంగా రాసుకున్న క్రీము ఎండను ఒక్క పిసరు కూడా ఆపలేదని అలా నా ఒంటి మీదే చూశాను. ఆస్ట్రేలియాలోని నాంబర్‌లో 55 ఏళ్లలోపు వయసున్న 903 మందిపై నాలుగున్నరేళ్లు సాగిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. చేతి వెనుక చర్మానికి అచ్చులు తీసి పోల్చి చూస్తే, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారి చర్మంలో వార్ధక్యపు గుర్తులు, తోచినప్పుడు మాత్రమే రాసుకున్నవారికన్నా 24 శాతం తక్కువగా తేలాయి. నాకు ఆ సంగతి 46వ ఏటే తెలిసి ఉంటే మొదట కొనేది మాయిశ్చరైజర్ కాదు.

విటమిన్ ఎ కుటుంబానికి చెందిన రెటినాయిడ్లు అనే మందుల గురించి కొద్దిగా చెబుతాను, ఎందుకంటే నా నుదుటి గీతలు కాస్తయినా తగ్గింది వాటితోనే. వాటిలో ఒకటైన ట్రెటినోయిన్‌ను సన్నని ముడతల కోసం వాడడానికి అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. వైద్యురాలి సలహా మీద వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టాను. తొలి రెండు నెలలు ముఖం ఎర్రబడి, పొరలు పొరలుగా ఊడింది. ఆ రోజుల్లో మాయిశ్చరైజర్ లేకపోతే ఆ మందును నేను మధ్యలోనే వదిలేసేదాన్ని. ముందు పలచగా మాయిశ్చరైజర్, దాని మీద బఠాణీ గింజంత మందు, మళ్లీ పైన మాయిశ్చరైజర్ రాసుకుని గట్టెక్కాను. మార్పు కనిపించడానికి ఏడు నెలలు పట్టింది. గర్భిణులు దీన్ని వాడకూడదు, మిగిలినవారు కూడా వైద్యుల సలహా లేకుండా తొందరపడవద్దు.

ఇప్పుడు నేను వాడే నాలుగో క్రీములో గ్లిజరిన్, సెరమైడ్లు, కొద్దిగా పెట్రోలియం జెల్లీ ఉంటాయి, సువాసన ఉండదు. ముఖం కడుక్కున్నాక పూర్తిగా తుడవకుండా, చెమ్మ ఉండగానే రాస్తాను. ఆరిపోయిన ముఖానికి రాస్తే సగం ఫలితమే కనిపిస్తుందని అనుభవంతో తెలుసుకున్నాను. నురగ ఎక్కువగా వచ్చే సబ్బు కూడా మానేశాను, ఎందుకంటే చర్మానికి ఉండే సహజమైన స్వల్ప ఆమ్లగుణాన్ని సబ్బులోని క్షారం చెరిపేస్తుంది, ఆపైన ఎంత క్రీము రాసినా ఆ నష్టాన్ని పూడ్చడంతోనే సరిపోతుంది. కళ్ల కోసం విడిగా అమ్మే చిన్న సీసాలు రెండు వాడాను. ముఖానికి రాసేదానికన్నా అవి అదనంగా చేసిందేమీ నాకు కనిపించలేదు, ఇక కొనను.

కిందటేడు మా అక్కకు ఇదే క్రీము ఇచ్చాను. అక్కకు 68 ఏళ్లు. "ఇప్పుడు నాకెందుకే ఇవన్నీ, ఎవరు చూడాలని?" అంది. చూడడానికి కాదు, రాత్రి దురదకని చెప్పి, మొదటి వారం నేనే దగ్గర కూర్చుని ముఖానికీ మెడకూ మోచేతులకూ రాశాను. ఆమె ముడతల్లో ఒక్కటీ తగ్గలేదు, తగ్గుతుందని నేను చెప్పనూ లేదు. మూడో వారంలో ఫోన్ చేసి, గోకిన గాట్లు మానాయనీ, రాత్రిళ్లు మధ్యలో లేవకుండా నిద్రపడుతోందనీ, డబ్బా అడుగంటింది కాబట్టి మరొకటి తెప్పించమనీ అడిగింది.