పసుపు పొడి, కర్క్యుమిన్ మాత్ర: రెండూ ఒకటి కావు

పసుపు మంచిదే కదా, మాత్రగా మింగితే తప్పేమిటని చాలామంది అనుకుంటారు. తేడా మోతాదులో ఉంది. పసుపులో ప్రధానంగా పనిచేసే పదార్థం కర్క్యుమిన్; పొడి బరువులో అది సుమారు 3 శాతమే. 3 గ్రాముల పొడిలో 90 మిల్లీగ్రాములు ఉంటే, ఒక్క క్యాప్సూల్‌లోనే తరచుగా 500 ఉంటుంది.

పైగా పొడిలోని కర్క్యుమిన్ ఒంటికి పట్టేది చాలా తక్కువ. అదే దాని లోపం, నా దృష్టిలో అదే దాని రక్షణ కూడా. మాత్రల్లో ఈ లోపాన్ని సరిదిద్దడానికి మిరియాల్లోని పైపెరిన్ కలుపుతారు. 1998 నాటి ఒక అధ్యయనంలో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ తోడైతే రక్తంలోకి చేరేది దాదాపు 20 రెట్లు పెరిగింది. పైపెరిన్ ఒంట్లో ఇతర మందుల విచ్ఛిన్నాన్నీ నెమ్మదింపజేస్తుంది, అంటే వాటి ప్రభావం పెరగవచ్చు. ఆ సంగతి డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మోకాళ్ల నొప్పికి మాత్రలు కొంత ఉపశమనం ఇస్తాయని కొన్ని చిన్న పరీక్షల్లో తేలింది. కాదనను. కానీ వీటివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు పలు దేశాల్లో నమోదయ్యాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే మాత్ర ఆపి వైద్యుణ్ని కలవాలి. పిత్తాశయంలో రాళ్లున్నవారు, వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

పొడితో భయం వేరు: రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్. అందులోని సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుకే కొమ్ములు కొని పొడి కొట్టించుకోవడం నాకు ఇష్టం.