రీకాయిల్ అనే ఒక్క మాట కోసం మెరియమ్-వెబ్‌స్టర్ తెరిస్తే

ఇంగ్లిష్‌లో ఒక కథ రాస్తూ, మంట తగిలి చేయి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు అనడానికి 'హి రీకాయిల్డ్ హిజ్ హ్యాండ్' అని రాశాను. డబ్బు కట్టి వాడుతున్న రైటింగ్ చెకర్ ఒక్క ఎర్రగీత కూడా పెట్టలేదు. స్పెల్లింగ్ సరిగ్గా ఉంది కదా, దానికి అంతే చాలు. కథ చదివిన ఫ్రెండ్ మాత్రం అక్కడే ఆగి, ఇదేంటి అని అడిగింది.

అప్పుడు మెరియమ్-వెబ్‌స్టర్ ఆన్‌లైన్ డిక్షనరీ తెరిచాను. ఉచితమే. మాట కిందే ఇన్‌ట్రాన్సిటివ్ వెర్బ్ అని ఉంది, అంటే మనిషి తనే రీకాయిల్ అవుతాడు తప్ప చేతిని రీకాయిల్ చేయడు. చేయి గురించే చెప్పాలంటే 'జర్క్‌డ్ హిజ్ హ్యాండ్ బ్యాక్' అనాలి, లేదంటే 'హి రీకాయిల్డ్ ఫ్రమ్ ద ఫ్లేమ్' అంటే సరిపోతుంది. 'రీకాయిల్డ్ బ్యాక్' అని కూడా రాసేవాణ్ణి, అదీ తప్పే, వెనక్కి అన్నది ఆ మాటలోనే ఉంది. పుట్టుక చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది: పాత ఫ్రెంచ్ 'రెక్యులేర్' నుంచి వచ్చింది, 'రె' అంటే వెనక్కి, 'క్యుల్' అంటే పిరుదులు. స్ప్రింగ్ కాయిల్‌తో చుట్టరికమే లేదు, నేనేమో ఇన్నాళ్లూ ఉందనుకున్నాను!

నాకు అన్నిటికంటే నచ్చింది దగ్గరి మాటల మధ్య తేడా చెప్పే భాగం. షాక్, భయం, అసహ్యం వల్ల ఒక్కసారిగా వెనక్కి జరిగితే రీకాయిల్. నొప్పినో ప్రమాదాన్నో ఎదుర్కోలేక జంకితే ఫ్లించ్. ఇంజెక్షన్ సూది గుచ్చుకోగానే ముఖం చిట్లించడంలాంటి చిన్న కదలిక విన్స్. నా కథలో ఒకమ్మాయి డబ్బా మూత తీసి, లోపల పురుగులు చూసి రెండడుగులు వెనక్కి వేస్తుంది. అక్కడ ఫ్లించ్ అని పెట్టి ఉంచాను, అసహ్యం ఎక్కడా రాలేదు. రీకాయిల్డ్ అని మార్చగానే సీన్ నిలబడింది.

ఉచ్చారణ వినే బటన్ కూడా తప్పకుండా నొక్కండి. వెర్బ్ అయితే ఒత్తు 'కాయిల్' మీద, తుపాకీ వెనక్కి తన్నే రీకాయిల్‌లాంటి నౌన్‌కి మాత్రం 'రీ' మీద కూడా పడుతుంది. ఒక విషయం గుర్తుంచుకోండి, ఈ డిక్షనరీలో అర్థాలు పుట్టిన వరుసలో ఉంటాయి, పాతది ముందు వస్తుంది. అందుకే ఇక్కడ మొదట కనిపించేది ఒత్తిడికి వెనక్కి తగ్గడం అనే అర్థం, మనకు కావలసిన ఉలికిపాటు దాని తర్వాతే. కిందిదాకా చదవండి.

చెకర్ తీసేయలేదు, స్పెల్లింగ్‌కి పనికొస్తుంది. వెర్బ్ దగ్గర అనుమానం వస్తే మాత్రం ఇప్పుడు నేరుగా డిక్షనరీకే వెళ్తున్నాను.