ప్లాన్ మార్చాలంటే ఇప్పుడే చెప్పడం మేలా, పర్మిషన్ వచ్చాకా?

ఇంగ్లండ్‌లో మా ఇంటి వెనక రెండంతస్తుల ఎక్స్‌టెన్షన్‌కి కౌన్సిల్‌లో (అక్కడి స్థానిక సంస్థ) ప్లానింగ్ పర్మిషన్‌కి అప్లికేషన్ పెట్టి అప్పటికి మూడు వారాలైంది. వాట్సాప్‌లో డ్రాయింగ్ చూసిన మా అత్తగారు, "బాబూ, పైన దేవుడి గదికి తూర్పున కిటికీ పెట్టలేదేం?" అన్నారు. ఆ తూర్పు వైపే పక్కింటివాళ్ల పెరడు.

దారులు మూడున్నాయి: ఇప్పుడే డ్రాయింగ్ మార్చి పంపడం, అప్లికేషన్ వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టడం, పర్మిషన్ వచ్చాక మార్చుకోవడం.

రెండోది వెంటనే వద్దనుకున్నాం. వెనక్కి తీసుకున్నవాళ్లు ఒకసారి ఉచితంగా మళ్లీ పెట్టుకునే వీలు 2023 డిసెంబర్‌లో పోయింది. ఫీజేమో 2025 ఏప్రిల్‌లో 258 పౌండ్ల నుంచి 528కి పెరిగింది. ఒక్క కిటికీ కోసం అంత మళ్లీ కట్టడానికి నాకు మనసొప్పలేదు.

"పర్మిషన్ రానీ, తర్వాత చూద్దాం" అనేది మార్పు బాగా చిన్నదైతే సరే. ప్లానింగ్ చట్టంలోని సెక్షన్ 96ఏ కింద నాన్ మెటీరియల్ అమెండ్‌మెంట్ (వచ్చిన పర్మిషన్‌లో చిన్న సవరణ) అడిగితే మామూలుగా 28 రోజుల్లో తేలుస్తారు. 2025 రేటు ప్రకారం సొంతింటి పనికి 44 పౌండ్లు. పెరటి తలుపు కాస్త పక్కకు జరపడం లాంటివి ఇందులో అయిపోవచ్చు. అయితే ఏది చిన్న మార్పో చట్టంలో రాసి లేదు, కౌన్సిలే తేల్చాలి. కిటికీ ఎంత చిన్నదైనా పక్కవాళ్ల పెరట్లోకి చూస్తుంటే ఒప్పుకోవడం కష్టం. అప్పుడిక సెక్షన్ 73. అంటే పర్మిషన్ లెటర్‌లో డ్రాయింగ్ నంబర్లున్న షరతును మార్చమని అడగడం. దానికి మళ్లీ ఎనిమిది వారాలు. పని మొదలుపెట్టాల్సిన మూడేళ్ల గడువు మాత్రం దాంతో పెరగదు.

అందుకే నిర్ణయం ఇంకా రాకపోతే మొదటి దారే మేలంటాను. కాకపోతే మార్పు తీసుకోవాలా వద్దా అన్నది మన అప్లికేషన్ చూసే కౌన్సిల్ ఉద్యోగి, అంటే కేస్ ఆఫీసర్ చేతిలో ఉంటుంది, కాదనొచ్చు కూడా. డ్రాయింగ్ పంపేముందే మెయిల్ పెట్టి అడిగాం. మసక అద్దం పెట్టాలి, గది నేల నుంచి 1.7 మీటర్ల ఎత్తు వరకు తెరుచుకోకూడదు అన్నారు. ఆర్కిటెక్ట్ కిటికీని రెండు భాగాలు చేసి, కింది అద్దం బిగించేసి, పైదానికే కీళ్లు చూపించి, డ్రాయింగ్ మూల "రివిజన్ బి" అని వేసి పంపాడు. అదనపు ఫీజు పడలేదు. మార్పు గురించి కౌన్సిల్ నుంచి పక్కింటికి మళ్లీ ఉత్తరం వెళ్లింది, నిర్ణయం మూడు వారాలు ఆలస్యమైంది. ఆ మూడు వారాలూ టెన్షనే.

"కట్టేద్దాం, ఎవరు చూస్తారు" అని మా బిల్డర్ నాలుగో దారి కూడా చెప్పాడు. దయచేసి అటు వెళ్లకండి. 2024 ఏప్రిల్ 25 తర్వాత పూర్తయిన ఇలాంటి పనుల మీద చర్య తీసుకోవడానికి కౌన్సిల్‌కి పదేళ్ల గడువుంది, అంతకుముందు నాలుగేళ్లే. ఈలోపు ఇల్లు అమ్మాలనుకుంటే కొనేవాళ్ల సొలిసిటర్ (లాయర్) ఆ పర్మిషన్ కాగితాలే అడుగుతాడు.