గొర్రెల కాపరికి నెలజీతం మేలా, పిల్లల్లో పాలు (వాటా) మేలా?

మాది కళ్యాణదుర్గం పక్క పల్లె, 120 గొర్రెలు, ఇద్దరు కాపరులు. కొత్తగా మంద పెట్టేవాళ్ళు ముందు అడిగేది ఇదే. రోజుకూలి మాట వదిలేయండి, ఏది చూలుతో ఉందో, ఏది కుంటుతోందో తెలియని మనిషి రోజుకొకడు వస్తే మంద నిలబడదు.

నెలజీతంలో లెక్క సులువు, అమ్మేటప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. చిక్కంతా గొర్రె చచ్చినప్పుడే. మొదటేడు చచ్చిన ప్రతి పిల్లకూ జీతంలో కోశాను, బుద్ధి తక్కువై. తొలకరికి లేత పచ్చిక మేసి చిటుక రోగంతో రెండు పడిపోతే, కాపరి భయపడి "తోడేలు ఎత్తకపోయిందన్నా" అన్నాడు, నేనూ నమ్మేశా, నాలుగు రోజుల్లో ఇంకో తొమ్మిది పోయాయి. ముందే తెలిసుంటే మేత మార్చి డాక్టరును పిలిపించేవాణ్ణి. ఇక ఉగాదికి పెద్ద అడ్వాన్స్ ఇచ్చి అది తీరేదాకా మనిషిని కదలనివ్వని వాళ్ళున్నారు చూడండి, 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది, అది నేరం.

పాలంటే పుట్టిన పిల్లల్లో వాటా. తర్వాత రెండేళ్ళు మూడింట ఒకటి ఇచ్చాను. తేడా వెంటనే కనబడింది, దొడ్డి తడిక తీయకముందే "ఆ నల్లమూతిది రాత్రి నెమరేయలేదన్నా" అని చెప్పేవాడు. కానీ గొర్రె చూలే ఐదు నెలలు, ఆపైన పిల్ల అమ్ముడుపోయే ఈడు రావాలి, అన్నాళ్ళూ వాళ్ళింట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? పంచేటప్పుడు ఆడపిల్ల ఎవరికి, పొట్టేలు ఎవరికని తగువు ఇంకోటి. దానికి మందు దొరికింది: గుంపులు నేను విడగొడతాను, ముందు ఏరుకునేది వాళ్ళు. అప్పట్నుంచి బక్కవన్నీ ఒకే గుంపులో వేసే తెలివి నాకు పోయింది!

ఇప్పుడు రెండూ కలిపాను. ఇంటి ఖర్చుకు సరిపడా నెలజీతం, పైన ఐదు పిల్లల్లో ఒకటి. టీకాలు, నట్టల మందు నావే. చచ్చినదానికి కోత లేదు, కానీ ఆ రోజే చెప్పాలి. శనక్కాయ పీకిన చేలల్లో ఎరువు కోసం రాత్రి మంద పెడితే ఆ రైతు ఇచ్చే డబ్బు మొత్తం వాళ్ళదే, మా నాయన సగం తీసుకునేవాడు గానీ చలిలో కంబళి కప్పుకుని పడుకునేది వాళ్ళు కదా.

నా చేతికి మిగిలేది ఉత్త నెలజీతం ఇచ్చినప్పటి కంటే కాస్త తక్కువే, అయినా నా ఓటు దీనికే. మొన్న వానకు రెండు పిల్లలు పోయాయి. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి చెప్పాడు.