వీమ్ ఏజెంట్ ఫ్రీ ఎడిషన్: ఇంటి కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి వాడాక

విండోస్ ఉన్న ఇంటి కంప్యూటర్‌కి ఉచితంగా దొరికే బ్యాకప్ ప్రోగ్రాముల్లో ప్రస్తుతానికి నా ఓటు వీమ్ ఏజెంట్ ఫ్రీ ఎడిషన్‌కే. కారణం ఒక్కటే. లోపలి డిస్క్ పూర్తిగా పోయినా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కొత్త డిస్క్‌లోకి విండోస్, ప్రోగ్రాములు, ఫైళ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు దించుకోవచ్చు. బ్యాకప్ తీయడం ఏ ప్రోగ్రామైనా చేస్తుంది. తిరిగి దించేటప్పుడే చాలావాటి బండారం బయటపడుతుంది.

ఒకప్పుడు ఎవర్నడిగినా మాక్రియం రిఫ్లెక్ట్ ఫ్రీ పేరే చెప్పేవాళ్లు. 2024 జనవరి 1తో దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆగిపోయాయి. పాత ఇన్‌స్టాలర్ ఎక్కడో దొరికింది కదా అని ఎక్కించుకోకండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఇప్పటికీ కనిపించే విండోస్ 7 నాటి బ్యాకప్‌దీ అదే కథ. అందులోని సిస్టం ఇమేజ్‌ని (డిస్క్ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు తీసే నకలుని) ఇక మెరుగుపరచబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే తేల్చేసింది. ఫైల్ హిస్టరీ పనికొచ్చేదే, కానీ అది చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లనే. డీ డ్రైవ్‌లో విడిగా పెట్టుకున్న ట్యాలీ డేటా జోలికి అది పోదు. పేజ్‌మేకర్, అనూ స్క్రిప్ట్ మేనేజర్ పెట్టుకుని ఇంట్లో డీటీపీ చేసేవాళ్లకైతే ఫైళ్లొక్కటీ దాస్తే చాలదు. ఫాంట్లు, లేఅవుట్లు, లైసెన్సు మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవడం ఎంత తలనొప్పో వాళ్లకి తెలుసు. ఇక వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ అంటారా, అవి చేసేది సింక్. ఇక్కడ ఫోల్డర్ చెరిపేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత దేవుడే దిక్కు.

వీమ్‌లో జాబ్ (ఏది, ఎక్కడికి, ఎప్పుడు బ్యాకప్ తీయాలో చెప్పే అమరిక) పెట్టేటప్పుడు మూడు దారులు అడుగుతుంది: మొత్తం కంప్యూటర్, వాల్యూమ్ (సీ, డీ లాంటి డ్రైవ్), ఫైల్. మొదటిదే ఎంచుకోండి, బూట్ అవడానికి కావాల్సిన చిన్న పార్టిషన్లు కూడా దాంతోనే వస్తాయి. ఫైల్ లెవెల్ నెమ్మది, పైగా దాంతో విండోస్ తిరిగి రాదు. ఎన్ని రోజుల కాపీలు ఉంచాలో అడిగినచోట 14 పెట్టుకుంటే సరిపోతుంది. బ్యాకప్ జరగని రోజులు ఆ లెక్కలోకి రావు కాబట్టి వారానికి రెండుసార్లు తీసేవాళ్లకి అదే ఏడువారాల చరిత్ర అవుతుంది.

షెడ్యూల్ పేజీలో రోజూ ఫలానా టైముకి అని పెట్టడం కంటే, ‘బ్యాకప్ డ్రైవ్ తగిలించినప్పుడు’ అనే ఈవెంట్ ఎంచుకుని, దాని పక్కనే బ్యాకప్ అయ్యాక డ్రైవ్‌ని ఎజెక్ట్ చేసే టిక్కు కూడా పెట్టండి. డ్రైవ్ తగిలిస్తే పని దానంతటదే మొదలవుతుంది, అయిపోయాక డ్రైవ్ తనే పక్కకి తప్పుకుంటుంది, మనం కేబుల్ పీకి బీరువాలో పెట్టడమే. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని కూడా వదలదు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఎజెక్ట్ ఒక్కోసారి పనిచెయ్యదు. ఆ డ్రైవ్ ఫోల్డరు ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉండటమో, యాంటీవైరస్ దాన్ని స్కాన్ చేస్తూ ఉండటమో కారణం అవుతుంది.

ఎన్‌క్రిప్షన్ (బ్యాకప్‌కి పాస్‌వర్డ్ తాళం) టిక్కు కూడా మొదటిరోజే పెట్టేయాలి. విండోస్ 11 కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి తనంతట తానే తాళం వేస్తోంది గానీ, బ్యాకప్ ఫైల్లోకి వెళ్లే డేటా మాత్రం తాళం తీసినదే. డ్రైవ్ ఎవరి చేతికైనా చిక్కితే మీ ఆధార్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు అన్నీ వాళ్లవే. తర్వాతెప్పుడో టిక్కు పెడితే మళ్లీ ఫుల్ బ్యాకప్ మొదలవుతుంది, డ్రైవ్‌లో రెండింతల జాగా కావాల్సొస్తుంది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి. అది మర్చిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. విండోస్ డిస్క్‌కి వేసే ఆ తాళం, అంటే బిట్‌లాకర్, 48 అంకెల రికవరీ కీ కూడా ఆ కాగితం మీదే ఉంటే మంచిది.

ఇక డ్రైవ్ సంగతి. మన విశాఖపట్నంలో డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో కొనేటప్పుడు యూఎస్‌బీ కేబుల్‌తోనే నడిచే రెండున్నర అంగుళాల డ్రైవ్ తీసుకోండి. మూడున్నర అంగుళాలదానికి విడిగా అడాప్టర్ ఉంటుంది, కరెంటు పోగానే బ్యాకప్ మధ్యలో ఆగుతుంది. చిన్నది ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఆడుతుంది. 512 జీబీ డిస్క్‌కి 1 టీబీ డ్రైవ్ చాలు. కొనగానే విండోస్ సొంత ఫైల్ పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి.

250 జీబీ డేటా సెకనుకి 100 ఎంబీ చొప్పున వెళ్తే ముప్పావు గంటలోపు అయిపోవాలి. రెండు గంటలు దాటితే ముందు చూడాల్సింది డ్రైవ్ వైపున్న ప్లగ్గు. ఆ వెడల్పాటి ప్లగ్గులో రెండు భాగాలుంటాయి. పెద్ద భాగం పాత యూఎస్‌బీ 2 పిన్నులు, పక్కనున్న చిన్న భాగం యూఎస్‌బీ 3వి. చిన్న భాగం సరిగ్గా ఆనకపోయినా డ్రైవ్ మామూలుగానే కనిపిస్తుంది, కాకపోతే సెకనుకి 30–35 ఎంబీ దగ్గరే ఈడుస్తుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఇళ్లలో ఇది తరచూ చూసేదే. ఉప్పుగాలికి పిన్నుల మెరుపు పోయి మసకబారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక తగిలిస్తే చాలాసార్లు వేగం తిరిగొస్తుంది. లేదంటే కేబుల్ మార్చాలి. డ్రైవ్‌ని గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ప్లగ్గు బాగానే ఉండి, మొదట వేగంగా వెళ్లి గంట తర్వాత చతికిలబడితే అది ఎస్‌ఎంఆర్ డ్రైవ్ (డేటా వరసల్ని ఒకదానిమీదొకటి కొంచెం ఎక్కేలా రాసే రకం) లక్షణం. మొదటి ఫుల్ బ్యాకప్‌కి రాత్రంతా వదిలేయండి, ఆ తర్వాతివన్నీ చిన్నవే.

అన్నిటికంటే ముఖ్యం రికవరీ పెన్‌డ్రైవ్. 4 జీబీది చాలు. తయారుచేసేటప్పుడు ఈ కంప్యూటర్ డ్రైవర్లు కలపాలా అన్న టిక్కు తీయకండి. 11వ తరం ఇంటెల్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ని నడిపే వీఎండీ అనే ఏర్పాటు ఉంది. ఆ డ్రైవర్ లేకపోతే రికవరీ స్క్రీన్‌లో మీ ఎస్‌ఎస్‌డీ అసలు కనిపించదు. డిస్క్ చచ్చిపోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లున్నారు. తయారయ్యాక ఒకసారి దాంతో బూట్ చేసి చూడండి (డెల్, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9). బేర్ మెటల్ రికవరీలోకి వెళ్లి, డ్రైవ్‌లో బ్యాకప్ చూపించి, పాస్‌వర్డ్ కొట్టి, ఏ డిస్క్‌లోకి దించాలో అడిగే పేజీ దాకా వెళ్లండి. అక్కడ లోపలి డిస్క్ పేరు కనబడితే పరీక్ష పాసైనట్టే, క్యాన్సిల్ కొట్టి వచ్చేయండి. ఇంకా ముందుకెళ్లి రిస్టోర్ కొట్టారో, ఉన్న విండోస్ తుడిచిపెట్టుకుపోతుంది. నెలకోసారి ఒక ఫొటో, ఒక ఎక్సెల్ ఫైలు బ్యాకప్ నుంచి వేరే ఫోల్డర్లోకి తీసి తెరిచి చూడటం కూడా అలవాటు చేసుకోండి.

వీమ్ సొంత కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ ఫెయిలైనట్టు ఎర్ర గీత కనిపించినప్పుడు సాధారణంగా తప్పు వీమ్‌ది కాదు. తెరిచి ఉన్న ఫైళ్లని కాపీ చేయడానికి అది విండోస్‌లోని వీఎస్‌ఎస్ (వాల్యూమ్ షాడో కాపీ) అనే సర్వీసు మీద ఆధారపడుతుంది. సీ డ్రైవ్ నిండిపోయినా, విండోస్ అప్‌డేట్ సగంలో ఉన్నా ఆ సర్వీసు మొరాయిస్తుంది. 15 జీబీ దాకా ఖాళీ చేసి రీస్టార్ట్ చేస్తే ఎక్కువసార్లు సర్దుకుంటుంది. ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అన్న మాట కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఏదో ఒక డిస్క్‌లో చదవలేని చోట్లున్నాయని అర్థం. అది లోపలి డిస్కే అయితే ముందు ముఖ్యమైన ఫోల్డర్లు చేత్తో కాపీ చేసుకుని, ఆ తర్వాత మిగతా విషయం చూడాలి.

ఫైళ్లని విడిగా లైనక్స్ మీద నడిచే నాస్‌లోకి (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టెలోకి) కూడా కాపీ చేసేవాళ్లకి ఒక తెలుగు చిక్కుంది. లైనక్స్ వాడే ఫైల్ పద్ధతి ఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అది అక్షరాలు దాచే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు కోడ్‌లు, అంటే 18 బైట్లు. విండోస్‌లో హాయిగా ఉన్న పొడుగాటి పెళ్లి వీడియో పేరు అక్కడికొచ్చేసరికి ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అని ఆగిపోతుంది. వీమ్ ఇమేజ్‌కి ఈ బాధ లేదు, లోపల పేర్లెంత పొడుగున్నా బయటికి కనిపించేది దాని సొంత ఫైలే.

ఫ్రీ ఎడిషన్‌లో పెద్ద లోటు: ఒకే జాబ్, ఒకే గమ్యం. మన ఊరికి ఇది చిన్న విషయం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కంప్యూటరూ, పక్కనే ఉన్న బ్యాకప్ డ్రైవూ కలిసి తడిసే ప్రమాదం ఎంతో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రోజుల తరబడి కరెంటూ నెట్టూ లేనప్పుడు క్లౌడ్ ఒక్కదాన్నే నమ్ముకున్నా లాభం లేదు. సెకనుకి 50 మెగాబిట్ల అప్‌లోడ్‌తో 200 జీబీ పైకి పంపడానికే తొమ్మిది గంటలు పడుతుంది. నేను చెప్పేది, క్లౌడ్‌లో ముఖ్యమైన కాగితాలు, నెలకోసారి రెండో డ్రైవ్‌లోకి మొత్తం కాపీ. ఆ డ్రైవ్ విజయనగరంలో చుట్టాలింట్లోనో బ్యాంకు లాకర్‌లోనో ఉంటుంది. ఆ కాపీకి వీమ్ అక్కర్లేదు, బ్యాకప్ ఆగి ఉన్నప్పుడు దాని ఫోల్డర్‌ని ఎక్స్‌ప్లోరర్‌తో ఎత్తి పెట్టేయొచ్చు. ఫోల్డర్ మొత్తం ఎత్తాలి సుమా: వీబీకే అనేది ఫుల్, వీఐబీలు ఆ తర్వాతి మార్పులు. మధ్యలో ఒక్క వీఐబీ తప్పిపోయినా దాని తర్వాతి తేదీలేవీ తెరుచుకోవు.